ఏడో అంతస్తు ఫ్లాట్‌లోకి పిల్లికూన వస్తోంది: ఇంట్లో ముందు ఏమేం సర్దుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఏడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇంకో పది రోజుల్లో రెండు నెలల పిల్లికూన వస్తోంది. బాల్కనీకి పావురాల వల ఇప్పటికే ఉంది. ఇంట్లో ఆరేళ్ల పాప, రోజూ పూజ చేసుకునే అత్తగారు ఉన్నారు. "వల ఎలాగూ ఉంది, కరెంటు వైర్లు, గ్యాస్ స్టవ్ గురించే టెన్షన్‌గా ఉంది, ఇంకా ఏం చూసుకోవాలి?" అని రాశారు.

సూటిగా చెప్తాను. ఈ పది రోజుల్లో మూడు పనులు చేయండి. మిగతావి పిల్లి వచ్చాక దాని తీరు చూసి నిదానంగా చేసుకోవచ్చు. ఒకటి, వలతో సహా బయటికి తెరుచుకునే ప్రతిదాన్నీ పిడికిలితో తోసి చూడండి. రెండు, ఫినాయిల్ మానేయండి, మాత్రలన్నీ మూత ఉన్న డబ్బాలోకి మార్చండి. మూడు, ఇంట్లో ఎక్కడా దారం బయట కనపడకూడదు, దేవుడి పటానికి వేసిన పూలదండ దారంతో సహా. వైర్లు, స్టవ్ ఆ తర్వాతి మాట.

నేను విజయవాడలో పశువైద్యుణ్ణి. మొదటి ఆరేడేళ్లు గేదెలు, దూడలతోనే గడిచింది. తర్వాత సొంత క్లినిక్ పెట్టుకుని పద్నాలుగేళ్లుగా ఎక్కువగా కుక్కల్ని, పిల్లుల్ని చూస్తున్నాను. కరెంటు షాక్ కొట్టిన పిల్లి ఇన్నేళ్లలో నా బల్ల మీదకి వచ్చింది రెండే సార్లు. కిటికీలోంచి పడ్డవి, మాత్ర మింగినవి, దారం మింగినవి ఎన్నో నేను లెక్క పెట్టుకోలేదు. అందుకే నా వరస మీ వరసకి తలకిందులుగా ఉంటుంది.

వల సంగతి

పావురాల వల కట్టేది పావురం లోపలికి రాకుండా. పావురం వల మీద వాలుతుందేమో కానీ దాన్ని తోయదు. పిల్లి అలా కాదు, లోపలి నుంచి దాన్ని ఎక్కుతుంది. మూడు నాలుగు కిలోల బరువు నాలుగు కాళ్ల గోళ్లతో వేలాడి, పైన పావురం కనపడితే ఇంకా ఎగురుతుంది. ఆ పనికి మీ వల పనికొస్తుందా అన్నదే ప్రశ్న.

ముందు కొక్కేలు చూడండి. గోడకి డ్రిల్ చేసి, ప్లగ్ పెట్టి, స్క్రూతో బిగించారా లేక జిగురుతో అంటించారా? అంటించినవి రెండు వేసవులు దాటితే నమ్మకండి. తర్వాత కంత. రెండు నెలల కూన తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. పిల్లి జత్రుకలు, అంటే మెడ కింది అడ్డ ఎముకలు (కాలర్ బోన్స్), మనకిలా మిగతా ఎముకలకి గట్టిగా అతుక్కుని ఉండవు కాబట్టి భుజాలు దగ్గరికి ముడుచుకుని దూరిపోతుంది. పావురాల కోసం కట్టే వలల్లో రెండు అంగుళాల కంత ఉన్నవి ఉంటాయి. కూనకి అది వాకిలి. అంగుళం కంత ఉన్న వల అడగండి, లేదా ఉన్నదాని లోపలి వైపు ఇంకో సన్నకంత వల కట్టించండి.

మూడోది అందరూ వదిలేసే చోటు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ గొట్టం బయటికి వెళ్లే దగ్గర, వర్షపు నీళ్లు పోయే తూము దగ్గర వలని కత్తిరించి అలాగే వదిలేస్తారు. మనం నిలబడి చూస్తే కనపడదు. బాల్కనీలో నేల మీద బోర్లా పడుకుని చూడండి. నవ్వొచ్చినా ఫరవాలేదు, మీ పాపని కూడా పక్కన పడుకోబెట్టుకోండి. పెద్దవాళ్లకి కనపడని సందు పిల్లలకి ముందు కనపడుతుంది. వల అడుగు అంచుకీ పిట్టగోడకీ మధ్య మీ చేయి దూరితే కూన దూరుతుంది.

నైలాన్ ఎండకి చీకిపోతుంది. ఎండ బాగా తగిలే చోట ఒక పోగుని గోటితో గీకండి. పొడిలా రాలితే, రెండు వేళ్లతో లాగితే పుటుక్కుమంటే, ఆ వల అయిపోయినట్టే. కొత్తది కట్టించినా ఆరు నెలలకోసారి ఇదే పరీక్ష చేయాలి.

ఈ మధ్య కొత్త ఫ్లాట్లలో సన్నటి స్టీలు తీగలు నిలువుగా బిగించే "ఇన్విజిబుల్ గ్రిల్" ఎక్కువైంది. చూడటానికి బాగుంటుంది, చిన్నపిల్లలు పడకుండా ఆపుతుంది. పిల్లికి మాత్రం అదొక్కటీ చాలదు. తీగకీ తీగకీ మధ్య రెండు అంగుళాలు ఉంటే కూన మామూలుగా నడిచి బయటికి పోతుంది.

ఇక దోమతెరలు. ఇది నా సొంత తప్పు, చెప్పుకోక తప్పదు. మా ఇల్లు మూడో అంతస్తు. జరిపే కిటికీలకి జరిపే దోమతెర ఉంటుంది కదా, అది మూసి ఉంటే కిటికీ మూసినట్టేనని నేననుకున్నాను. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషిని. మా ఆడపిల్లి ముందరి కాలి గోరు తెర ఫ్రేము అంచున తగిలించి రోజూ కొంచెం కొంచెం పక్కకి లాగడం నేర్చుకుంది. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే తెర బెత్తెడు తెరిచి ఉంది, పిల్లి లేదు. కింద పార్కింగ్‌లో ఒక కారు చక్రం వెనక నక్కి దొరికింది. కింది దవడ నడిమికి చీలింది. తీగతో కట్టి ఆరు వారాలు ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి తెరకీ ఒక చిన్న గడియ ఉంది. ఫైబర్ జాలీ తీసేసి స్టీలు జాలీ వేయించాను. ఫైబర్ జాలీని పిల్లి గోరు రెండు రోజుల్లో చీల్చేస్తుంది.

"పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ల మీదే పడుతుంది, దానికేం కాదు" అని మీకు కచ్చితంగా ఎవరో ఒకరు చెప్తారు. గాల్లో తిప్పుకుని కాళ్ల మీద పడటం నిజమే. న్యూయార్క్‌లో మేడల మీద నుంచి పడి ఒక జంతు ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. వైద్యం అందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి. ఏడు అంతస్తులు దాటి పడ్డవాటికి గాయాలు తక్కువన్న ముక్క అందులోదే. జనం ఆ ముక్క ఒక్కటి పట్టుకున్నారు. పడ్డచోటే చచ్చిపోయిన పిల్లిని ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఆ లెక్కలోకి వచ్చినవి ప్రాణంతో చేరినవి. ఏడో అంతస్తు అని ధైర్యపడకండి, మొదటి అంతస్తు అని తేలిగ్గానూ తీసుకోకండి.

పొరపాటున పడితే, లేచి నడుస్తోందని ఊరుకోవద్దు. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం, మూత్రాశయం పగలడం పైకి కనపడవు. అట్టపెట్టె అడుగున పడుకోబెట్టి, ఒళ్లు వంచకుండా ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పడ్డ పిల్లి దూరం పోదు. ఆ బిల్డింగు కిందే కార్ల మధ్యో, జనరేటర్ వెనకో నక్కుతుంది. పిలిచినా పలకదు. రాత్రి టార్చి వేసి చూస్తే కళ్లు మెరుస్తాయి.

నేల మీద ఏముంటే కడుపులోకి అదే

మందుల విషయం చెప్పేముందు పిల్లి ఒంటి గురించి ఒక మాట. అది రోజంతా తన ఒళ్లు తనే నాకి శుభ్రం చేసుకుంటుంది. నేల తుడిచిన మందు పాదానికి అంటుతుంది, పాదం నుంచి నాలుకకి, అక్కడి నుంచి కడుపులోకి. పైగా కొన్ని రసాయనాల్ని విరిచి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో, కుక్క కాలేయంలో పుష్కలంగా ఉంటుంది, పిల్లి కాలేయంలో చాలా తక్కువ. మనకి తలనొప్పి తగ్గించే మాత్ర దానికి విషం కావడానికి కారణం ఇదే.

అందుకే ఫినాయిల్ వద్దన్నాను, నల్లదీ తెల్లదీ కూడా. నీళ్లలో వేయగానే పాలలా తెల్లబడే యాంటిసెప్టిక్ ద్రావణాలూ వద్దు. మీ అత్తగారికి నేల తుడిచాక ఆ వాసన రాకపోతే ఇల్లు కడిగినట్టు అనిపించకపోవచ్చు, మా అమ్మకీ అంతే. గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు వేసి తుడిచి, మళ్లీ మామూలు నీళ్లతో తుడిస్తే సరిపోతుంది. వేరే ఏ క్లీనర్ వాడినా నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని పక్క గదిలో ఉంచండి. తడి నేల మీద తిరిగిన పిల్లి నాలుక పుళ్లు పడి, చొంగ కార్చుకుంటూ, ముద్ద మింగలేక రావడం నేను చూశాను.

పారాసిటమాల్ పిల్లికి ఒక్క ముక్క కూడా వేయకూడదు. ఇది అక్షరాలా చెప్తున్నాను. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఎదిగిన పిల్లిని చంపగలదు. ఒక రిటైర్డ్ టీచరుగారు తన పిల్లికి ఒళ్లు కాలుతోందని రాత్రి సగం మాత్ర పాలలో కలిపి తాగించారు. పిల్లల డోసే కదా అనుకున్నారాయన. తెల్లారి తెచ్చేసరికి మొహం, ముందరి పాదాలు వాచిపోయాయి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, ఇటుక పొడి కలిపిన మట్టిరంగులో ఉన్నాయి. రక్తం తీస్తే సిరంజిలో చాక్లెట్ రంగు. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. మొదటి కొన్ని గంటల్లో పడితే బతికే అవకాశం ఉండేది. ఆ పిల్లి బతకలేదు. ఆయన బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. ప్రేమతోనే వేశారు, నేనేమీ అనలేకపోయాను.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇదే కోవ. నడుం నొప్పికి రాసుకునే జెల్ మీ చేతి మీద ఉండగా పిల్లి ఆ చేయి నాకినా ప్రమాదమే. యూకలిప్టస్ నూనె, కర్పూరం, బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా దానికి పడవు. ఉండల్ని బట్టల మధ్య నుంచి పూర్తిగా తీసేయండి. పిల్లికి బీరువా అంటే మహా ఇష్టం, తలుపు ఒక్క నిమిషం తెరిచి ఉంటే చీరల మడతల వెనక చేరి పడుకుంటుంది.

పేలు, పిడుదులకి కుక్క మెడ మీద వేసే చుక్కల మందు పొరపాటున కూడా పిల్లికి వేయకండి. అందులో పెర్మెత్రిన్ ఉంటే గంటల్లో వణుకు, ఆ తర్వాత ఫిట్స్. మందుల షాపులో "రెండింటికీ ఒకటేనండీ" అని ఇచ్చేస్తారు. ప్యాకెట్ మీద పిల్లి బొమ్మ ఉందా, బరువెంత రాశారు అన్నవి మీరే చూసుకోవాలి. చీమలకి, బొద్దింకలకి గోడవారన గీసే చాక్‌పీసు కూడా ఇదే జాతి మందు. పిల్లి నడిచేదే గోడవారన. దోమల మెషీన్ పెట్టుకుంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, సీసా మాత్రం దానికి అందని ప్లగ్గులో పెట్టండి.

ఎలుకల మందు మీరు పెట్టకపోయినా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతారు. ఆ కేకుల్లో ఎక్కువగా రక్తం గడ్డకట్టకుండా చేసే బ్రోమాడియోలోన్ ఉంటుంది. తిన్న రోజు ఏమీ కనపడదు, మూడు నుంచి ఐదు రోజులకి రక్తస్రావం మొదలవుతుంది. మందు తిన్న ఎలుకని పిల్లి తిన్నా ముప్పే. విటమిన్ కె1తో కాపాడొచ్చు, కానీ ఏ మందో మాకు తెలియాలి. వాచ్‌మన్‌ని అడిగి ఆ ప్యాకెట్ ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. జిగురు అట్టకి కూన అతుక్కుంటే లాగొద్దు, కిరసనాయిల్ అసలే వద్దు. వంట నూనె రాసి నెమ్మదిగా విడదీసి, తర్వాత సబ్బుతో కడిగేయాలి.

దారం

పిల్లి నాలుక గరుకుగా ఉంటుందని తెలుసు కదా. ఆ ముళ్లన్నీ గొంతు వైపుకి వంగి ఉంటాయి. నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మేయాలన్నా ఉమ్మలేదు, లోపలికి మింగుతూనే పోతుంది.

మూడేళ్ల కిందట ఒక బూడిదరంగు పిల్లి వచ్చింది. రెండు రోజులుగా తిండి లేదు, నీళ్లు తాగినా కక్కుతోంది. దవడ కింద బొటనవేలు పెట్టి పైకి నొక్కితే నాలుక మొదలు లేచి కనపడుతుంది. అక్కడ తెల్లటి దారం ఉచ్చులా బిగుసుకుని ఉంది. దానికి ఆకుపచ్చటి మల్లె తొడిమ ఒకటి ఇంకా అంటుకునే ఉంది. దండ దారం. ఒక కొస నాలుకకి చిక్కుకుంది, మిగతాది పేగుల్లోకి పోయింది. పేగు ముందుకి నెట్టాలని చూస్తుంది, దారం కదలదు. పొట్ట కోసి చూస్తే, లంగా బొందు లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు మూరెడు పేగు ముడుచుకుపోయి ఉంది. నాలుక దగ్గర దారం కత్తిరించి, పేగుకి రెండు చోట్ల గాట్లు పెట్టి తీశాను. ఇంకో రోజు ఆలస్యమైతే దారం పేగుని కోసేసేది. అది బతికింది. వాళ్లింట్లో ఇప్పుడు దేవుడికి విడిపూలే.

మీ అత్తగారికి చెప్పాల్సింది ఇంతే. పూజ మానక్కర్లేదు. దండ వేయాలంటే పూజ గదికి తలుపు ఉండాలి, లేదంటే విడిపూలు వాడాలి. వాడిన దండ చెత్తబుట్టలో పైన పడేయకుండా మూత ఉన్నదాంట్లో వేయాలి. నెయ్యి వత్తి ఆరిపోయాక కుందిలో వదలకూడదు, నెయ్యి వాసనకి వత్తితో సహా మింగుతుంది. వెలుగుతున్న దీపం పిల్లి తోక అందని ఎత్తున ఉండాలి.

పాప జడ రబ్బర్లు, రిబ్బన్లు, కుట్టుమిషన్ దగ్గరి సూదీ దారం, గిఫ్టు ప్యాకెట్ల మెరుపు దారాలు, అన్నీ ఇదే లెక్క. సంక్రాంతి రోజుల్లో మాంజా. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా ప్రతి జనవరిలో బాల్కనీ వలకి ముక్కలు చిక్కుకుని కనపడతాయి. ఆ వారం రోజూ పొద్దున్నే వల చూసుకోండి.

పిల్లి వెనక నుంచి దారం కొస వేలాడుతుంటే లాగకండి. లోపల ఇంకో కొస ఎక్కడ చిక్కుకుందో మనకి తెలియదు. బయట ఉన్నంతవరకు కత్తిరించి తీసుకురండి, లేదా అలాగే తీసుకురండి.

మొక్కలు, పూలు

ఇక్కడ మన భాషతోనే ఒక చిక్కుంది. ఇంటర్నెట్‌లో "లిల్లీ పిల్లికి ప్రాణాంతకం" అని చదివి చాలామంది కంగారుగా ఫోన్ చేస్తారు. మనం పెళ్లి దండల్లో వాడే, లిల్లీ అని పిలిచే తెల్లపూలు నిజానికి నేలసంపెంగ. అది అసలు లిల్లీల జాతి కాదు. తామర, కలువ కూడా కావు. భయపడాల్సింది బొకేల్లో వచ్చే పెద్ద బాకా ఆకారపు ఏషియాటిక్, ఓరియంటల్ లిల్లీలకి, డే లిల్లీ మొక్కకి. వాటి ఆకు, పూరేకు మాత్రమే కాదు, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, వాజులో నీళ్లు తాగినా మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో చెడిపోతాయి. ఎవరైనా అలాంటి బొకే తెస్తే గుమ్మంలోనే పక్కింటివాళ్లకి ఇచ్చేయండి.

గన్నేరు, అడీనియం గుండె మీద పనిచేసే విషాలు, బాల్కనీలో ఉంటే తీసేయాల్సిందే. కుండీల్లో పెంచే సైకస్ కూడా. మనీప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది, ప్రాణం మీదకి రావడం అరుదు, పైకి వేలాడదీస్తే చాలు. దానికి నమలడానికి ఒక కుండీలో గరిక వేయండి, మిగతా మొక్కల జోలికి తక్కువ వెళ్తుంది.

మీరడిగిన వైర్లు, స్టవ్, ఇంకా కొన్ని

కూనకి మూడున్నర నెలల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ఆ రోజుల్లోనే ఛార్జర్ వైర్లు కొరుకుతుంది. ఫోన్ ఛార్జర్‌ని వాడనప్పుడు ప్లగ్గులోంచి తీసేయండి, టీవీ వెనక వైర్లని ప్లాస్టిక్ పైపులోంచి పోనివ్వండి. అంతే.

స్టవ్ విషయంలో మంట కన్నా మంట ఆర్పిన తర్వాతి పది నిమిషాలు ముఖ్యం. కాలుకాలిన పిల్లి అన్న మాట ఊరికే పుట్టలేదు, గట్టు మీదకి ఎగిరితే ముందు దిగేది వేడి బర్నర్ మీదే. ఖాళీ గిన్నె ఒకటి దాని మీద బోర్లించి ఉంచడం మా ఇంట్లో అలవాటు. ఇండక్షన్ స్టవ్ అయితే స్విచ్ గోడ దగ్గరే ఆపండి, పిల్లి పాదం తగిలినా బటన్లు నొక్కుకుంటాయి. గ్యాస్ రాత్రి రెగ్యులేటర్ దగ్గర కట్టేయండి.

వాషింగ్ మెషీన్ గురించి మీరు అడగలేదు, నేను అడగకుండానే చెప్తాను. ముందు తలుపున్న మెషీన్ డ్రమ్ములో బట్టలుంటే పిల్లికి అంతకన్నా మంచి పక్క లేదు. తలుపు ఎప్పుడూ మూసి ఉంచాలి, వేసేముందు చేయి పెట్టి కలియబెట్టి చూడాలి. ఇంట్లో అందరూ, పనమ్మాయితో సహా.

బీరువా పైనుంచి, అటక మీద నుంచి సీలింగ్ ఫ్యాన్ రెక్క ఎంత దూరంలో ఉంది? ఒకసారి కొలవండి. పిల్లి ఎగిరి అందుకునే దూరమైతే ఆ బీరువా జరపాలి. గాలికి దబేల్మని మూసుకునే తలుపులకి స్టాపర్లు వేయించండి, నలిగిన తోకలు నేను ఏటా కుడుతుంటాను. బాత్‌రూమ్‌లో నిండు బకెట్ల మీద మూత పెట్టండి. కూన అందులో పడితే నున్నటి ప్లాస్టిక్ అంచుకి గోరు పట్టదు.

తిండిలో ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టకండి, ఎర్రరక్తకణాలు పగిలి రక్తహీనత వస్తుంది. చికెన్ ఉత్తి నీళ్లలో ఉడికించి ఎముకలు తీసి పెట్టండి. పెరుగన్నంతో బతికేస్తుందిలే అనుకోవద్దు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే కొన్నాళ్లకి గుండె, కళ్లు దెబ్బతింటాయి.

వచ్చిన మొదటి వారం

ఇల్లంతా ఒకేసారి వదలకండి. ఒక గదిలో తిండి, నీళ్లు, లిట్టర్ ట్రే (పిల్లి దొడ్డికి వెళ్లడానికి మట్టిలాంటి గుళికలు పోసిన పళ్లెం), దూరడానికి ఒక అట్టపెట్టె పెట్టి అక్కడే వారం ఉంచండి. ఇంత చిన్న కూనకి గడ్డకట్టే రకం లిట్టర్ వద్దు, తింటుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. తల్లి లేకపోయినా కూనకి ఆ చోటు వెతికే బుద్ధి ఉంటుంది. మొదటి రాత్రే ఫ్రిజ్ వెనకో, దివాన్ మంచం పెట్టెలోకో దూరి మిమ్మల్ని ఏడిపిస్తుంది. ఆ సందులు ముందే మూసేయండి.

పాపకి రెండే రెండు విషయాలు చెప్పండి. నిద్రపోతున్న పిల్లిని ముట్టుకోకూడదు, బయటి తలుపు తీసేముందు పిల్లి ఎక్కడుందో చూడాలి. ఆరేళ్ల పిల్లలు ఈ రెండోది పెద్దవాళ్ల కన్నా బాగా గుర్తుపెట్టుకుంటారు.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకి రావొచ్చు. ఎదకొచ్చిన పిల్లి, ఆ వాసన పట్టిన మగపిల్లి ఎంత గట్టి వలనైనా పరీక్షిస్తాయి. ఐదో నెలలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. నా లెక్కలో అది కూడా వల కట్టించడంలో భాగమే.

పిల్లిని మోసుకెళ్లే బుట్ట ఇవాళే కొనండి. మూత తీసి, లోపల పాత తువాలు వేసి, హాల్లో ఎప్పుడూ అలాగే ఉంచండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజే అటక మీద నుంచి దించితే పిల్లి దాన్ని చూసి మంచం కిందికి పారిపోతుంది, అత్యవసరంలో అరగంట అక్కడే పోతుంది. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీ దగ్గర్లో ఏదుందో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. విషం తిన్నట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడొద్దు, పాలూ పోయొద్దు. ప్యాకెట్ చేత్తో పట్టుకుని బయల్దేరండి. ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పుతోందంటే అది కుక్కలా మామూలు విషయం కాదు, తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తూ వెంటనే తీసుకెళ్లాలి.

మీ బాల్కనీ వల ఫోటోలు పెట్టండి. మొత్తం బాల్కనీ కాదు, కొక్కెం ఒకటి దగ్గర నుంచి, ఏసీ గొట్టం బయటికి వెళ్లే మూల ఒకటి, వల అడుగు అంచు ఒకటి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కంత ఎంతుందో నాకు తెలుస్తుంది. చూసి చెప్తాను.